రెండేళ్లకే ఇల్లు అద్దెకిస్తే డౌన్ పేమెంట్ సాయం వెనక్కి కట్టాలా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో, డాలస్ దగ్గర అద్దెకుంటున్నాం. నాకు గ్రీన్ కార్డ్ ఉంది, ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. 3 లక్షల డాలర్ల ఇల్లు ఒకటి నచ్చింది. ఎఫ్‌హెచ్‌ఏ లోను (అమెరికా ప్రభుత్వం బీమా ఇచ్చే గృహరుణం)తో పాటు, లోనులో 5 శాతం డౌన్ పేమెంట్ సాయంగా వస్తుందని, అది తిరిగి కట్టక్కర్లేదని లోన్ ఆఫీసర్ అంటున్నారు. కాగితాల్లో మాత్రం ‘సెకండ్ లీన్, 3 ఏళ్లు’ అని ఉంది. రెండేళ్లలో నాకు వేరే ఊరు బదిలీ కావచ్చు. అప్పుడు ఇల్లు అద్దెకిద్దామని మా ఆలోచన. ఇంకో సంగతి. తెనాలిలో నాన్నగారు నా పేరున రాసిన ఇల్లుంది. అది చెబితే సాయం రాదని స్నేహితులు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: సెకండ్ లీన్ అని ఉందంటే అది అప్పే. ఇంటి మీద లోనిచ్చిన సంస్థది మొదటి తాకట్టు, సాయం చేసినవాళ్లది రెండోది. ‘తిరిగి కట్టక్కర్లేదు’ అన్నది సగం మాట. మిగతా సగం మీరు సంతకం పెట్టబోయే ప్రామిసరీ నోటులో ఉంటుంది.

ఆ నోటు మొదటి పేజీ చూస్తే మనసు తేలికపడుతుంది: వడ్డీ సున్నా, నెలవారీ వాయిదా లేదు. చాలామంది అక్కడితో ఆపేస్తారు. అసలు పేరా దాని తర్వాత వస్తుంది. గడువు (మీ కాగితాల్లో 3 ఏళ్లు) నిండితే బాకీ మాఫీ, కానీ ఆ లోపల ఇల్లు అమ్మినా, రీఫైనాన్స్ చేసినా (పాత లోను తీర్చి కొత్తది తీసుకున్నా), పేరు మార్చినా, ఆ ఇంట్లో కాపురం మానేసినా బాకీ ఒక్కసారిగా కట్టాలని అందులో రాసి ఉంటుంది. మీ ప్రశ్నకు జవాబు ఆ ‘కాపురం మానేసినా’ అన్న ముక్కలోనే ఉంది. ఇల్లు మీ పేరునే ఉండొచ్చు, వాయిదాలు ఒక్కటీ తప్పకపోవచ్చు. అద్దెకిచ్చిన రోజే షరతు తప్పినట్టు. ఎఫ్‌హెచ్‌ఏ లోనుకు కనీసం ఏడాది ఉంటే చాలు కదా అని కొందరు ధీమాగా ఉంటారు. అది మొదటి లోను షరతు, దీనికి పనికిరాదు.

మా ఆఫీసుకు వచ్చిన ఒక జంట సంగతి చెబుతాను. మాఫీకి ఇంకా 11 నెలలుండగా ఇల్లు అద్దెకిచ్చి వెళ్లిపోయారు. ఇంట్లో ఉంటున్నారా లేదా అని అడుగుతూ సాయం ఇచ్చిన సంస్థ పంపిన ఉత్తరం అద్దెకున్నవాళ్ల చేతికొచ్చింది. వాళ్లు పాపం, ‘ఇక్కడ ఉండరు’ అని రాసి వెనక్కి పంపారు. నెల తిరక్కుండా మొత్తం కట్టమని నోటీసు వచ్చింది. మాఫీని నెలనెలా లెక్కగట్టే పద్ధతి వాళ్ల నోటులో లేదు. గడువు నిండితేనే మాఫీ, లేకుంటే పూర్తి బాకీ. మీ నోటులో ఏ పద్ధతి ఉందో ముందు అది వెతకండి.

ఇప్పుడు డబ్బు లెక్క. 3 లక్షల ఇంటికి ఎఫ్‌హెచ్‌ఏ కనీస డౌన్ పేమెంట్ 3.5 శాతం, అంటే 10,500 డాలర్లు. లోను 2,89,500. అందులో 5 శాతం సాయం 14,475. డౌన్ పేమెంట్ పోను మిగిలిన 3,975 క్లోజింగ్ (సంతకాలు పెట్టి ఇల్లు మీ పేరున మారే రోజు) ఖర్చుకు వాడుకోవచ్చు. బాగానే ఉంది. కానీ ఇలాంటి సాయంతో ఇచ్చే లోనుకు వడ్డీ తరచు కొంచెం ఎక్కువ పడుతుంది. ఉదాహరణకు 6.5 శాతం బదులు 7 శాతమైతే, 30 ఏళ్ల లోను మీద నెలకు సుమారు 96 డాలర్లు అదనం. మీరు రెండేళ్లకే వెళ్లిపోతే ఆ అదనపు వడ్డీ 2,300 దాకా కట్టి, పైన 14,475 కూడా వెనక్కివ్వాలి. సాయం లేకుండా అయితే వడ్డీ ఎంతో లోన్ ఆఫీసర్‌ని కాగితం మీద అడగండి. నోటిమాట వద్దు.

తెనాలి ఇల్లు దాచవద్దు. ఈ ఒక్క విషయంలో స్నేహితుల మాట వినకండి, బతిమాలి చెబుతున్నాను. ఈ కార్యక్రమాల్లో ‘మొదటిసారి కొనేవారు’ అంటే సాధారణంగా గత 3 ఏళ్లలో సొంతింట్లో నివాసం లేనివారు. మీరు అద్దె ఇంట్లోనే ఉన్నారు, తెనాలి ఇల్లు మీ నివాసం కాదు. కాబట్టి అది చాలావరకు అడ్డం కాదు. అయితే దరఖాస్తులో మీ స్థిరాస్తులన్నీ చూపించాలి. లోను కోసం తెలిసి అబద్ధం రాయడం ఫెడరల్ నేరం. చట్టంలో గరిష్ఠ శిక్ష 30 ఏళ్లు. అడ్డం కాని ఇంటిని దాచి అంత ప్రమాదం నెత్తిన పెట్టుకోవడం ఎందుకు?

మీకు గ్రీన్ కార్డ్ ఉంది గనుక ఎఫ్‌హెచ్‌ఏ దారి తెరిచే ఉంది. హెచ్‌1బీ మీద ఉన్నవారికి 2025 మే 25 నుంచి అది మూసుకుపోయింది. వాళ్లు కన్వెన్షనల్ లోను (ప్రభుత్వ బీమా లేని మామూలు గృహరుణం) చూసుకోవాలి.

బదిలీ ఖాయమనిపిస్తే ఈ సాయం తీసుకోకండి, లేదా ఇల్లు కొనడమే వాయిదా వేయండి. ఖాయం కాకపోతే, ఉద్యోగరీత్యా వెళ్లాల్సి వస్తే అద్దెకివ్వడానికి అనుమతిస్తారా అని సాయం ఇచ్చే సంస్థకే ఈమెయిల్ రాసి, వాళ్ల జవాబు భద్రపరచండి. క్లోజింగ్ డిస్‌క్లోజర్ (లోను తుది లెక్కల కాగితం) క్లోజింగ్‌కు 3 పనిదినాల ముందే మీకు అందాలి. ప్రామిసరీ నోటు కాపీ కూడా ఆ రోజుకల్లా పంపమనండి. క్లోజింగ్ బల్ల దగ్గర వంద పేజీలు ముందు పెట్టి పెన్ను చేతికిచ్చాక చదివే వ్యవధి ఉండదు.