ప్రజా న్యాయం అంటే మతం, చట్టం, ప్రభుత్వం మూడూ ఒకటే చెబుతాయా?

ఒకటే కాదు. మతం ముందు మన మనస్సాక్షిని నిలదీస్తుంది: తల్లిదండ్రులకు వ్యతిరేకమైనా సరే నిజమే చెప్పమంటుంది ఖురాన్, రాజు కూడా ధర్మానికి లోబడాల్సిందే అంటాయి ధర్మశాస్త్రాలు. చట్టానికి నమ్మకం చాలదు, రుజువు కావాలి, అదీ నలుగురి ముందు. అందుకే మన హైకోర్టులో కూడా విచారణ మామూలుగా బహిరంగంగానే జరుగుతుంది. ప్రభుత్వం సంగతి వేరే. పింఛను ఆగిందని కోర్టుకెవరు వెళ్తారు, తెలంగాణలో అయితే సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి అర్జీ పట్టుకెళ్తారు గానీ! డబ్బు లేదని ఎవరికీ న్యాయం దూరం కాకూడదని 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 39ఏ అధికరణ చేర్చారు, ఉచిత లాయర్లు, లోక్ అదాలత్‌లు ఆ దారిలో వచ్చినవే. పెండింగ్ కేసు అక్కడ రాజీ అయితే అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి ఇస్తారు, ఇది చాలామందికి తెలీదు.