ఆ డబ్బాలు అటకెక్కించండి

(పాఠకుల ప్రశ్నలకు ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడి జవాబులు)

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది బాపట్ల దగ్గర ఓ హైస్కూలు. ఈ ఏడాది ఇంటరాక్ట్ క్లబ్బు (రోటరీ సేవాసంస్థ వాళ్ళు బడిపిల్లల కోసం పెట్టిన సేవాసంఘం) నా నెత్తిన పడింది. పోయినేడు పిల్లలు డబ్బాలు పట్టుకుని బజార్లో చందాలు అడిగారు. ఆ డబ్బుతో వృద్ధాశ్రమంలో పళ్ళు పంచి, ఫొటోలు దిగి వచ్చారు. లెక్క చెప్పలేదని తల్లిదండ్రులు ఇప్పటికీ దెప్పుతున్నారు. నిధులు ఎలా కూడబెట్టాలి? ఏడాదంతా ఏం చేయించాలి?
– ఓ సైన్సు టీచరు

జవాబు: ముందు ఆ డబ్బాలు అటకెక్కించమ్మా. ఏడో తరగతి పిల్లాడు దుకాణం ముందు డబ్బా ఆడిస్తూ నిలబడితే షావుకారు మొహమాటానికి పది రూపాయలు వేస్తాడు, వాణ్ణి పంపిన మనల్ని తిట్టుకుంటాడు.

బడి తెరవగానే పోయినేటి నోటుపుస్తకాలు తెమ్మనండి. ఖాళీ పేజీలు విడదీసి దబ్బనంతో కుడితే రఫ్ పుస్తకాలవుతాయి. మిగతావి పాత పేపర్లతో కలిపి తూకానికి వేయండి. కాటా పట్టుకున్నవాళ్ళ చేతివాటం మీకు తెలియనిది కాదుగా! ముందే కిరాణా కొట్లో తూయించి కట్టకట్టకీ చీటీ కట్టించండి. మా బళ్ళో ఓ తొమ్మిదో తరగతి పిల్ల ఆ చీటీ చూపించి, "బాబాయ్, ఇది ఆరు కిలోలు. నీ కాటా నాలుగున్నరంటోందేం?" అని నిలదీసింది. మరుసటేడు ఆయన ఎలక్ట్రానిక్ కాటా తెచ్చుకున్నాడు.

వార్షికోత్సవం రోజున ముంత మసాలా అంగడి పెట్టించండి. బజ్జీలు వద్దు, నూనె మూకుడు దగ్గర పిల్లలెందుకు? అయితే అమ్మ ఇచ్చిన ఉల్లిపాయలకూ నిమ్మకాయలకూ కూడా ధర కట్టి ఖర్చులో రాయించండి. అప్పుడుగానీ అసలు లాభమెంతో తేలదు. జమాఖర్చుల పుస్తకం పిల్లల చేతిలోనే ఉండాలి. నెలాఖరున దాన్ని నోటీసు బోర్డు మీద అంటిస్తే తల్లిదండ్రుల దెప్పిపొడుపులు వాటంతటవే ఆగుతాయి.

ఇక పని. ఇంటరాక్ట్ 12 నుంచి 18 ఏళ్ళ పిల్లలది. రోటరీ వాళ్ళు ఏడాదికి అడిగేది రెండు పనులు. ఒకటి బడికో ఊరికో పనికొచ్చేది, రెండోది ఇతర దేశాల సంగతి తెలిసేలా చేసేది. మనవాళ్ళే ఇరవై కార్యక్రమాలు పెట్టి ఇరవై ఫ్లెక్సీలు కడతారు.

నన్నడిగితే మొదటి పనిగా స్క్రైబ్‌లను తయారుచేయండి. చూపులేని పిల్లలు పదో తరగతి పరీక్ష రాయాలంటే, వాళ్ళు చెప్పింది రాసిపెట్టడానికి తొమ్మిదో తరగతివాళ్ళు కావాలి. మార్చిలో వెతుక్కుంటే దొరకరు. జనవరి నుంచే జంటలు కట్టి రోజూ కాసేపు కూర్చోబెట్టండి. ప్రశ్న ఎక్కడ ఆపి చదవాలి, పటాన్ని మాటల్లో ఎలా వర్ణించాలి, లెక్కలో బ్రాకెట్లు ఎలా పలకాలి, ఇవన్నీ సాధన చేస్తేనే వస్తాయి. అన్నిటికన్నా కష్టం, పక్కనున్న అన్న తప్పు జవాబు చెప్పినా నోరు మూసుకుని ఉన్నదున్నట్టు రాయడం. తెలివైన పిల్లలకు చేయి ఆగదు. అలాంటివాళ్ళను నేను ముందే తప్పించేవాణ్ణి.

రెండోదానికి తల పట్టుకోకండి. పల్స్ పోలియో ఆదివారం మీ పిల్లల్ని ఆశా కార్యకర్తల వెంట పంపండి. చుక్కలు వాళ్ళే వేస్తారు. మనవాళ్ళు పసివాళ్ళను పిలుచుకొచ్చి, ఎడమచేతి చిటికెన వేలికి గుర్తు పెడతారు. సీసా మీది గుండ్రంలో ఓ చదరం ఉంటుంది, సైన్సు టీచరు కాబట్టి అది చూపించండి. వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది. గుండ్రమంత ముదిరిందంటే ఆ మందు పారేయాల్సిందే. రోటరీ 1985లో పోలియో మీద పోరు మొదలుపెట్టింది. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో, హౌరా జిల్లాలో. పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్‌లలో మాత్రం ఆ జబ్బు ఇంకా పోలేదు. ఎందుకు పోలేదో పటం ముందు పెట్టుకుని పిల్లల్నే వెతకమనండి. రెండో పని అయిపోయినట్టే.

ఏప్రిల్లో చలివేంద్రం పెడతామంటారు. కాదనను. కానీ కుండ ఎవరు కడుగుతారు, నీళ్ళు ఎవరు మోస్తారు, గోనెపట్టా ఎవరు తడుపుతారు అన్నది జూన్ దాకా రోజువారీగా పేర్లతో రాసి చూపిస్తేనే ఒప్పుకోండి. లేకపోతే వారానికల్లా కుండ ఎండిపోతుంది, ఫ్లెక్సీ మాత్రం వానల దాకా వేలాడుతుంది.

ప్రశ్న: మా ఇంటర్ పిల్లలు రక్తదాన శిబిరం పెడుతున్నారు. పదిహేడేళ్ళ మా అబ్బాయి తానూ ఇస్తానని పట్టుబడుతున్నాడు. ఇవ్వవచ్చా?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: కుదరదమ్మా. పద్దెనిమిది నిండాలి, కనీసం 45 కిలోల బరువుండాలి. వాణ్ణి పళ్ళరసం బల్ల దగ్గర కూర్చోబెట్టమనండి. రక్తమిచ్చి హుషారుగా లేచి వెళ్ళిపోబోయే మొనగాళ్ళను కాసేపు ఆపి కూర్చోబెట్టడం కూడా పెద్ద పనే.