పాత పటంలో రేవులు వెతికే పద్ధతి

చిరంజీవి మనవడికి ఆశీస్సులు.

గోదావరి పాత సర్వే షీట్లు దొరికాయనీ, వాటిని చూసి పడవ దారులు గీయాలనుకుంటున్నావనీ రాశావు. సంతోషం. ఊళ్ల పేర్లతో మొదలుపెట్టకు. ముందు అంచున ఉన్న సన్నటి అక్షరాలు చదువు. అచ్చు వేసిన సంవత్సరం ఒకటి, నేల కొలిచిన సంవత్సరం మరొకటి. నీకు కావలసింది రెండోది. రాజమండ్రి పాత రైలు వంతెన 1900లో వచ్చింది, నిజమే. కానీ షీటులో అది కనిపించినంత మాత్రాన మిగతా నది కూడా ఆనాటిదే అనుకోకు. పాత పటం మీదే రైలు గీతను తర్వాత చేర్చడం మామూలే.

నేల మీది మైలును అంగుళంగా చూపే పటంలో ఎత్తులు అడుగుల్లో ఉంటాయి. నేనొకసారి 40 అడుగులను 40 మీటర్లుగా రాసుకుని డెల్టాలో కొండ మొలిపించాను. మీ నాయనమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

రాజమండ్రి, కొవ్వూరు ఒకే షీటులో లేవని కంగారుపడకు. 17 డిగ్రీల అక్షాంశం, 81 డిగ్రీల 45 నిమిషాల రేఖాంశం దాదాపు ఆ రెండు ఊళ్ల మధ్య నదిలోనే కలుస్తాయి. షీట్ల అంచులు ఆ గీతల మీదే పడతాయి. ఆ చోట కలిసే నాలుగు షీట్లూ పక్కపక్కన పరుచుకో.

రేవు గుర్తు కోసం కళ్లు చికిలించనక్కర్లేదు. బండిబాట గట్టు దాకా వచ్చి ఆగిపోయిందా? అవతలి ఒడ్డున దాని జతను వెతుకు. అది సరిగ్గా ఎదురుగా ఉండకపోవచ్చు. ప్రవాహం పడవను దిగువకు తోస్తుంది, మధ్యలో లంక, అంటే నదిలోని దీవి, అడ్డొస్తుంది. నేను రెండు కొసలనూ పెన్సిలుతో కలిపి పక్కన ప్రశ్నార్థకం పెట్టేవాణ్ణి. ఆ గీత దారిలో లంక మీద చిన్న బాట ముక్క కనిపిస్తే ప్రశ్నార్థకం చెరిపేసేవాణ్ణి. అంటే అక్కడ ఒక పాయ దాటి, లంకలో నడిచి, మరో పడవ ఎక్కేవారన్నమాట.

కాలువల పని తేలిక. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పెద్ద కాలువల్లో సాగునీటితో పాటు పడవలూ నడిచాయి. లాకులను, అంటే పడవలను ఎగువకూ దిగువకూ దాటించే నీటి తలుపులను, వరుసగా గుర్తించుకుంటూ పో. ఏలూరు దగ్గర ఆగిపోకు. అక్కడ కృష్ణా కాలువ కలుస్తుంది, పడవ దారి బెజవాడ దాకా ఉండేది. కాకినాడ కనబడకపోతే ‘కొకనాడ’ కోసం చూడు.

కొత్త పటం మీద పాతదాన్ని సరిచేసేటప్పుడు లంకల అంచులను ఆనవాలుగా పెట్టుకోవద్దు, వరదకు అవి జరుగుతాయి. లాకులు, కొండ మీది సర్వే గుర్తులు నమ్ము.

వచ్చేటప్పుడు షీట్లు మడవకుండా చుట్టి తీసుకురా. మడత పడితే ఈ కళ్లకు అది కూడా కాలువలాగే కనిపిస్తుంది.

మీ తాతయ్య