క్రెడిట్ కార్డుకి మినిమమ్ డ్యూ కడితే వడ్డీ పడదా?

పడుతుంది. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం, కడితే తప్పేది లేట్ ఫీజు, వడ్డీ కాదు. గడువులోగా బిల్లు మొత్తం కట్టినవాళ్లకే వడ్డీ లేని రోజులు వర్తిస్తాయి. కొంత మిగిలిస్తే ఆ బాకీకి కొన్న రోజు నుంచే వడ్డీ లెక్కిస్తారు. ఆ తర్వాత కొత్తగా కొన్నవాటికీ అంతే, అసలు దెబ్బ అక్కడే.

ఉదాహరణకు రూ.40,000 బిల్లులో మినిమమ్ డ్యూగా 2,000 కట్టారనుకోండి. నెలకు 3.5 శాతం చొప్పున మిగిలిన 38,000కు ఒక్క నెల వడ్డీ 1,330. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 1,570. వచ్చే నెల మళ్లీ 2,000 కట్టినా అసలులో తగ్గేది సుమారు 430 రూపాయలే.

మినిమమ్ డ్యూ కార్డు బిల్లులో పెద్దక్షరాలతో కనిపిస్తుంది కాబట్టి చాలామంది దాన్ని ఆ నెల వాయిదా అనుకుంటారు. నిజానికి అది ఖాతా బకాయి పడినట్టు నమోదు కాకుండా చూసే కనీస మొత్తం మాత్రమే.