కేబుల్ కత్తిరించాక వేగం 100 దగ్గరే ఆగిపోవడం గురించి

హనుమకొండలోని మీ ఇంట్లో రౌటర్ వెనుక చుట్టగా పడి ఉన్న లాన్ కేబుల్‌ను పొట్టి చేసి, చివరన కొత్త ఆర్‌జె45 కనెక్టర్ (రౌటర్‌లో గుచ్చే ప్లాస్టిక్ ప్లగ్గు) బిగించిన తర్వాత వేగం 100 ఎంబీపీఎస్ దాటడం లేదని రాశారు. ఆ వేగానికి కేబుల్‌లోని ఎనిమిది తీగల్లో 1, 2, 3, 6 స్థానాల్లోనివి చాలు. గిగాబిట్‌కు (1000 ఎంబీపీఎస్) మాత్రం ఎనిమిదీ తగలాలి. కాబట్టి 4, 5, 7, 8లలో ఏదో ఒకటి కనెక్టర్ లోపలి లోహపు పళ్లకు అందలేదని నా అంచనా.

నొక్కిన కనెక్టర్ మళ్లీ పనికిరాదు, కోసి పారేయండి. పై తొడుగును మూడు సెంటీమీటర్లు ఒలిచి, మెలికలు విప్పి, తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ వరుసలో తీగలను వేళ్లతో చదునుగా పట్టుకొని, 13 మిల్లీమీటర్లు మిగిలేలా ఒకే కోతతో సమానం చేయండి. రెండో చివర వరుస కూడా ఇదేనా అని ముందే చూసుకోవాలి. క్లిప్పు కిందికి, తీగలు దూర్చే రంధ్రం మీ వైపుకు ఉంటే మొదటి తీగ ఎడమ చివరన వస్తుంది.

ఎనిమిది రాగి మొనలూ ముందు గోడకు ఆనినట్లు ఎదుటి నుంచి కనబడి, తొడుగు అంచు కూడా కనెక్టర్ లోపలికి చేరిన తర్వాతే క్రింపింగ్ టూల్‌తో (కనెక్టర్‌ను నొక్కి బిగించే పట్టకారు) గట్టిగా నొక్కండి. చాలామంది తొందరపడేది ఇక్కడే. స్క్రూడ్రైవర్‌తో నొక్కే పద్ధతిని నేను సిఫారసు చేయను.

తీగను బ్లేడుతో గీకినప్పుడు లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. అలాంటిది ఒలిచేటప్పుడే సులువుగా విరుగుతుంది కనుక, కనెక్టర్ మార్చినా ఫలితం లేకపోతే కేబుల్‌నే మార్చడం మేలు.