ఫిల్టర్ బాక్సు కోయించక ముందే రాస్తున్నాను

జయపురం, ఆదివారం సాయంత్రం

అల్లుడూ,

నిన్న ఫోన్లో బండి ఎయిర్ ఫిల్టర్ బాక్సు కోయించి తీసేస్తానన్నావు. నేను వద్దనగానే నీ గొంతు మారిపోయింది. మావయ్య పాతకాలం మనిషి, ఇలాగే అంటాడని అనుకుని ఉంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా బళ్లు విప్పుతున్నవాణ్ణి, వద్దని ఒక్క ముక్కలో తేల్చేసి ఊరుకోను. ఎందుకు తొందరపడొద్దంటున్నానో, చెయ్యాలనే ఉంటే ఎలా చెయ్యాలో రెండూ చెబుతాను. తీరిగ్గా చదువు.

రాయగడలో బండి బాగానే లాగుతోందన్నావు. లక్ష్మీపూర్ దాటి కొరాపుట్ వైపు ఎక్కేసరికి పికప్ పడిపోతోంది, మూడో గేరులో పోవాల్సిన చోట రెండోది వెయ్యాల్సి వస్తోంది. బాక్సు పీకేసి, బాక్సు లేకుండా నేరుగా తగిలించే గరాటు ఆకారం కోన్ ఫిల్టర్ పెడితే ఇంజన్‌కి గాలి బాగా అందుతుందని నీ స్నేహితుడు చెప్పాడు. అంతేగా?

ముందు ఆ ఘాటీ సంగతి. కొరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో గాలి విశాఖపట్నంలో ఉన్నంత చిక్కగా ఉండదు, సుమారు 8 శాతం పలచబడుతుంది. మీరంతా ఫొటోలు దిగడానికి వెళ్లే దేవమాలి 1,672 మీటర్లు, అక్కడ తరుగు 15 శాతం దాకా ఉంటుంది. ఇంజన్ కొండ మీదా అదే కొలతతో గాలి పీలుస్తుంది, ఆ గాలిలో సరుకే తక్కువ. గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కి అందించే కార్బురేటర్‌కి ఆ సంగతి తెలియదు. పెట్రోలు మాత్రం దాదాపు కింద పోసినంతా పోస్తూనే ఉంటుంది. దాంతో మిక్చర్‌లో పెట్రోలు ఎక్కువై, అంటే రిచ్ అయిపోయి బండి ముక్కుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది. కొండ మీద లేని గాలిని ఏ ఫిల్టరూ తెచ్చిపెట్టలేదు. నీ బండి నీరసంలో పెద్ద వాటా ఎత్తుదే, ముందు అది మనసులో పెట్టుకో.

ఇక బాక్సు. చూడ్డానికి అది ఇంజన్ ముక్కుకి అడ్డంగా పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలాగే ఉంటుంది. కానీ లెక్క వేసి చూడు. 150 సీసీ ఇంజన్, నాలుగు స్ట్రోకులు, 8,000 ఆర్పీఎం. రెండు చుట్లకి ఒకసారి పీలుస్తుంది కాబట్టి నిమిషానికి 4,000 గుటకలు. గుటకకి నిండా 150 సీసీ పడితే 600 లీటర్లు. 200 లీటర్ల డీజిల్ డ్రమ్ములు మూడు ఒక్క నిమిషంలో ఖాళీ అయినట్టు. ఈ గాలి ఏకధారగా పోదు, గుటక గుటకగా పోతుంది. ప్రతి గుటకకీ సిద్ధంగా కార్బురేటర్ వెనక నిలకడగా కొంత గాలి నిల్వ ఉండాలి. ఆ నిల్వ కోసమే బాక్సు. దాని లోపలి చోటూ, మూతి గొట్టం పొడవూ కంపెనీవాళ్లు లెక్క చూసుకుని పెడతారు. మధ్య స్పీడులో లాగుడు బాగుండాలి, హోరు తగ్గాలి, వాన నీళ్లు లోపలికి పోకూడదు. గాలిని కూడా సీటు కింద చల్లగా ఉండే చోటి నుంచే తీసుకునేలా మూతిని తిప్పుతారు.

నువ్వు పెట్టబోయే కోన్ ఫిల్టర్ ట్యాంకు కింద, ఇంజన్ వేడి తగిలే చోట కూర్చుంటుంది. 30 డిగ్రీల గాలి 60 డిగ్రీలకి వేడెక్కితే 9 శాతం పలచబడుతుంది. కొరాపుట్ కొండ ఎక్కితే ఎంత పోతుందో, వేడి గాలి పీల్చినా అంతే పోతుందన్నమాట. ఖాళీ రోడ్డు మీద స్పీడులో ఉన్నప్పుడు ఎదురుగాలికి అంత వేడెక్కదు. ఘాటీలో లోడు లారీ వెనక రెండో గేరులో పాకుతున్నప్పుడు మాత్రం వేడెక్కి తీరుతుంది. నీకు పవర్ కావాల్సిందేమో సరిగ్గా అక్కడే.

ఇంకో మాట. యాక్సిలేటర్ సగం తిప్పి నడుపుతున్నంతసేపూ గాలిని ఆపేది కార్బురేటర్ లోపలి స్లైడే, ఫిల్టర్ కాదు. పూర్తిగా తిప్పినప్పుడే ఫిల్టర్ తేడా బయటపడాలి. కోన్ పెట్టగానే బండి మారిపోయిందనిపించేది ఎక్కువగా శబ్దం వల్ల. బాక్సు అణిచిపెట్టిన హోరు బయటికొస్తుంది, చెవి దాన్నే పవర్ అనుకుంటుంది. నీ స్నేహితుడు అబద్ధమాడాడని నేననను. అదే ఎత్తు, అదే గేరు, అదే బరువుతో ఫోన్లో టైము పెట్టి ఒకసారి ఎక్కి చూడమను.

ఇప్పుడు అసలు విషయం. ఇది మీ అమ్మకి కూడా నేనెప్పుడూ చెప్పలేదు.

అప్పుడు నాకు నీ వయసే. రెండు స్ట్రోకుల 100 సీసీ బండి వేసుకుని పొట్టంగి, సిమిలిగుడ వైపు తిరిగేవాణ్ణి. ఒకరోజు ఫిల్టర్ బాక్సు మూతిని హ్యాక్సా బ్లేడుతో కోసి వెడల్పు చేశాను. కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే జెట్ ముట్టుకోలేదు. కొండ మీద బండి ఎగిరినట్టు పోయింది! ఎందుకలా పోయిందో తర్వాత ఎప్పటికో అర్థమైంది. జెట్ లోంచి పెట్రోలుని పైకి లాగేది కార్బురేటర్ గొంతులో పుట్టే ఈడ్పు. వెనక దారి వెడల్పైతే ఆ ఈడ్పు తగ్గుతుంది. గాలి పెరిగి పెట్రోలు తగ్గుతుంది. ఎత్తు వల్ల ముందే రిచ్‌గా ఉన్న బండికి అది మందులా పనిచేసింది.

ఏప్రిల్లో విజయనగరంలో పెళ్లికి మీ అమ్మని వెనక ఎక్కించుకుని బయల్దేరాను. సుంకి ఘాటీ దిగాం, సాలూరులో టీ తాగాం. రామభద్రపురం దాటాక రోడ్డు తిన్నగా ఉంది. ముహూర్తం దాటిపోతోందని యాక్సిలేటర్ చివరికంటా తిప్పి పట్టుకున్నాను. కింద గాలి చిక్కన, పైన ఎండ, లోపల పెట్రోలు చాలడం లేదు. మొదట సన్నగా గలగలమని వినబడింది, రేకు డబ్బాలో బఠానీలు పోసి ఊపినట్టు. పట్టించుకోలేదు. కాసేపటికి ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు బండి బరువెక్కింది. వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయి తారు మీద ఈడ్చుకుపోయింది. చెయ్యి దానంతటదే క్లచ్ నొక్కింది కాబట్టి పడకుండా ఆగాం. వెనకాలే వస్తున్న లారీ హారన్ కొడుతూ మమ్మల్ని రాసుకున్నట్టే దాటిపోయింది. మీ అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని రోడ్డు పక్కన చతికిలబడింది.

ఇంజన్ విప్పి చూస్తే పిస్టన్ పక్కలు కరిగి, అది ఆడే గొట్టానికి, అంటే బోరుకి అంటుకుని ఉన్నాయి. ప్లగ్గు కొన సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. బోరు కోయించి ఓవర్ సైజు పిస్టన్ వేయించాను. బండి పాతదై ఆగిపోయిందని మీ అమ్మ ఇప్పటికీ అనుకుంటోంది. ఆ రోజు నా చేత్తో కోసిన ప్లాస్టిక్ ముక్క వల్లే ఆగింది.

నువ్వు కూడా అలాగే తిరుగుతావు. ఉద్యోగం కొండ మీద, పండగలకి పార్వతీపురం, విజయనగరం. నీది నాలుగు స్ట్రోకుల బండి, నా బండిలా అంత త్వరగా పట్టెయ్యదు. కానీ పెట్రోలు చాలని లీన్ మిక్చర్ మీద గంటల తరబడి తోలితే ఆ వేడికి ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది, పిస్టన్ తల చిల్లు పడిపోయిన బళ్లు కూడా నా చేతుల్లో విప్పాను. పైన బాగుందనిపించిన సెట్టింగే కింద ఇంజన్‌ని తినేస్తుంది.

ధూళి సంగతి వేరే చెప్పాలి. మన ఎర్రమట్టిని వేళ్ల మధ్య నలిపి చూడు, మెత్తటి పొడిలో ఇసుక గరుకు తగులుతుంది. బోరులో పడితే అది గరుకు కాగితమే. మొన్న దమన్‌జోడి వైపు తిరిగే కుర్రాడొకడు చవక కోన్ ఫిల్టర్ పెట్టిన బండి తెచ్చాడు. కార్బురేటర్ గొంతులో తెల్లగుడ్డ పెట్టి తుడిస్తే కుంకుమ అద్దినట్టు ఎర్రగా వచ్చింది. బోరు మీద అడ్డంగా గోరు గీస్తే నిలువు గీతలన్నీ గోటికి తగిలాయి. సైలెన్సర్ లోంచి నీలం పొగ. బోరు, పిస్టన్, రింగులు అన్నీ మార్చాల్సి వచ్చింది. ఫిల్టర్‌కి పెట్టిన డబ్బు ఎంత, దానికి కట్టిన మూల్యం ఎంత! ఒట్టి వైరు జాలీతో చేసిన కోన్లు మన రోడ్ల మీద అసలు పెట్టొద్దు. నూనె పట్టించే కాటన్ రకంలో ఆ నూనే ధూళిని పట్టుకుంటుంది, అది ఆరిపోయిన రోజు నుంచీ ఫిల్టర్ ఉన్నా లేనట్టే. వానాకాలం ఘాటీలో నీళ్లు ఏ వైపు నుంచి కొడతాయో నీకు తెలిసిందే, బాక్సు లేని ఫిల్టర్ నేరుగా తడుస్తుంది.

మరి ఏం చెయ్యాలంటావా? ఖర్చు లేని పనులతో మొదలుపెట్టు. ఇప్పుడున్న ఫిల్టర్ తీసి చూడు. ఫోమ్ అయితే కిరోసిన్లో ఉతికి, సబ్బునీళ్లతో కడిగి, నీడన పూర్తిగా ఆరబెట్టి, ఆయిల్ పట్టించి రెండు అరచేతుల మధ్య నొక్కి పిండు. మెలితిప్పితే చిరిగిపోతుంది. కాగితం ఫిల్టర్‌ని ఉతక్కూడదు, లోపలి నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టు. జిడ్డు పట్టించిన కాగితమైతే గాలి కూడా కొట్టొద్దు, కొత్తది వెయ్. బండి బుక్కులో రాసిన కిలోమీటర్లు మంచి రోడ్ల లెక్క. మనం అందులో సగానికే తీసి చూసుకోవాలి.

ఆ తర్వాత రబ్బర్లు. బాక్సుకీ కార్బురేటర్‌కీ మధ్య ఒక రబ్బరు బూటు ఉంటుంది, కార్బురేటర్‌కీ హెడ్డుకీ మధ్య ఇంకొకటి. వేలితో వంచి పగుళ్లు చూడు, క్లిప్పులు బిగించు. ఐడ్లింగ్‌లో పెట్టి ఆ రెండో రబ్బరు మీద సన్నగా నీళ్లు చిమ్ము. శబ్దం తడబడితే అక్కడ గాలి లీకవుతున్నట్టు. కొందరు పెట్రోలు చిమ్మి చూస్తారు, నువ్వు ఎప్పుడూ ఆ పని చెయ్యకు. సెకండ్ హ్యాండ్ బళ్లలో సగం పికప్ కంప్లయింట్లు ఈ రబ్బర్ల దగ్గరే తేలిపోతాయి. టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు కూడా సరిచేయించు.

ఘాటీలో లాగుడే కావాలంటే వెనక స్ప్రాకెట్, అంటే చైను తిప్పే పళ్ల చక్రం మీద ఎందుకు దృష్టి పెట్టవు? 40 పళ్లది తీసి 42 పళ్లది వేస్తే చక్రానికి అందే బలం ప్రతి గేరులోనూ 5 శాతం పెరుగుతుంది. టాప్ స్పీడు కాస్త తగ్గుతుంది, కొండ దారిలో దాంతో నీకేం పని? నీ బండికి ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టి చెప్పు.

ఇవన్నీ అయ్యాక కూడా గాలి దారి మార్చాలనే ఉంటే నేనే చేసిపెడతాను, కానీ బాక్సు ఉంచుతాను. అదే సైజులో బాక్సు లోపల పట్టే మంచి ఫిల్టర్ వేద్దాం. దాంతో పాటు మెయిన్ జెట్ ఒక సైజు పెంచుదాం. గాలి, పెట్రోలు ఎప్పుడూ జంటగానే మారాలి. ఒక లీటరు పెట్రోలు కాలడానికి సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి, ఆ జోడీ చెడితే పవర్ ముందు, ఇంజన్ తర్వాత పోతాయి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, కార్బురేటర్ స్లైడు సూదికి ఉండే నీడిల్ క్లిప్పూ జెట్టూ కలిపి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

సెట్టింగు మాత్రం కింద చూసుకోవాలి. సాలూరు దిగాక, ఎండలో, ఖాళీ రోడ్డు మీద కాసేపు ఫుల్ యాక్సిలేటర్‌లో తోలి, క్లచ్ పట్టి ఇంజన్ ఆపేసి, పక్కకి తీసి ప్లగ్గు చూడాలి. ఇటుక రంగో కాఫీ రంగో ఉంటే సరే. తెల్లగా ఉంటే వెంటనే జెట్ పెంచాలి, ఆ రోజుకి ఇక స్పీడు వద్దు. కింద సరిపోయిన జెట్ పైన కొంచెం రిచ్ అవుతుంది, మైలేజీ కాస్త పోతుంది. పోనీ, ఇంజన్ బతుకుతుంది.

ఇదంతా కార్బురేటర్ బళ్ల సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) బళ్లలో ఎక్కువ శాతం కార్బురేటర్ బదులు పెట్రోలుని కొలిచి చిమ్మే ఇంజెక్షన్‌వే. వాటిలో సెన్సార్లు గాలిని కొలుచుకుని పెట్రోలు సర్దుకుంటాయి, కొండ ఎక్కినా అంత రిచ్ అవ్వవు. సర్దుబాటుకి ఒక హద్దుంది, అది దాటితే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. అలాంటి బండి ఉన్న నీ స్నేహితులకి బాక్సు జోలికే పోవద్దని చెప్పు, వారంటీ మాట సరేసరి. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. అనుమతి లేకుండా బండిని మారిస్తే 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా పడొచ్చు, జైలు శిక్ష కూడా రాసి ఉంది.

వచ్చే ఆదివారం ఇక్కడికి రా. బ్లేడు పెట్టించకుండా, ఏదీ విప్పకుండా బండిని ఉన్నదున్నట్టు తీసుకురా. ముఖ్యంగా ప్లగ్గు ముట్టుకోకు, ఘాటీ ఎక్కి వచ్చిన ప్లగ్గు రంగు నేను స్వయంగా చూడాలి. జెట్లు నా దగ్గర డబ్బాలో ఉన్నాయి. అమ్మని అడిగానని చెప్పు. పైన రాసిన పెళ్లి ప్రయాణం సంగతి నువ్వు చెప్పకు, నేను వచ్చినప్పుడు నేనే చెప్పుకుంటాను.

మీ మావయ్య