రెండో భాగం మధ్యలో ఆగిపోయిన అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

ఆదివారం రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు ఊ కొడుతూ విన్నానే గానీ ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెప్పిన మాట ఆ పూటకే ఉంటుంది, కాగితం మీదైతే మళ్ళీ మళ్ళీ చూసుకుంటావని రాస్తున్నాను. నీ సినిమా రెండో భాగం షూటింగ్ ఆగి పదకొండు రోజులైంది, సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) కంపెనీ చేతులెత్తేసింది, నిర్మాత ఫోన్ ఎత్తడం లేదు, క్లైమాక్స్ నాలుగోసారి మారింది. ఇదీ నువ్వు చెప్పింది. మద్రాసులో మొదలుపెట్టి హైదరాబాద్‌లో రిటైరయ్యే దాకా ముప్ఫై ఆరేళ్లు ప్రొడక్షన్ మేనేజర్‌గా చేశాను. మధ్యలో ఆగిన సినిమాలు చాలా చూశాను. ఆగి మళ్ళీ లేచి ఆడినవీ చూశాను. కాబట్టి నేను చెప్పేది కాస్త ఓపిగ్గా చదువు.

ముందు సోమవారం షూటింగ్ మొదలుపెడతానన్న మాట వెనక్కి తీసుకో. కనీసం మూడు వారాలు పూర్తిగా ఆపు. రోజుకింత తీసుకుంటూ పోతే ఏదో ఒకటి తేలుతుందని నీ కో-డైరెక్టర్ అన్నాడట. తేలదు. కథ తెలియకుండా తీసిన ప్రతి సీనూ తర్వాత రాసే కథకు సంకెల అవుతుంది. డబ్బు పెట్టి తీశాం కదా అని దాన్ని వదల్లేవు, ఉంచితే అతకదు.

మొదటి భాగం జనానికి ఎందుకు నచ్చిందో నాకు బాగా గుర్తుంది. నేను సూళ్లూరుపేటలో టికెట్ కొనుక్కుని చూశాను. పులికాట్ సరస్సు ఒడ్డున పడవ, ఒక గుడిసె, నాన్న పాత రేడియోలో వింత చప్పుడు వినే పిల్ల, దూరంగా శ్రీహరికోట దీపాలు. చివర్లో ఆకాశంలో తలుపు తెరుచుకున్నప్పుడు హాల్లో ఎవరూ ఆ తలుపును చూడలేదు, ఆ పిల్ల మొహాన్ని చూశారు. ఇప్పుడు రెండో భాగంలో అంతరిక్ష కేంద్రం ఉంది, నలభై నిమిషాల యుద్ధం ఉంది. పిల్ల ఎక్కడుంది? నువ్వు పంపిన స్క్రిప్ట్‌లో ఇంటర్వెల్ తర్వాత ఆమెకు ఆరు సీన్లే ఉన్నాయి. రిలీజ్ డేట్ ముందు ప్రకటించారు, సెట్ తర్వాత వేశారు, సెట్ ఉంది కదా అని సీన్లు రాశారు. జబ్బు అక్కడ మొదలైంది. సీజీ కంపెనీ వెళ్ళిపోవడం దాని తర్వాత వచ్చిన జ్వరం.

డబ్బుకు లోటు లేని చోట కూడా ఇదే జరిగింది. 1992లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘ఏలియన్ 3’ సంగతి నీకు తెలిసే ఉంటుంది. ముందు అనుకున్న దర్శకులు వెళ్ళిపోయారు. వాళ్లలో విన్సెంట్ వార్డ్ సన్యాసులుండే కొయ్య గ్రహం కథ చెప్పాడు. ఆయన వెళ్ళిపోయాక ఆ ఆలోచనను ఖైదీలుండే గ్రహంగా మార్చారు. డేవిడ్ ఫించర్‌కి అది మొదటి సినిమా, అప్పటికి ముప్ఫై ఏళ్లు కూడా లేవు. 1991 జనవరిలో ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో కెమెరా తిరిగేసరికి స్క్రిప్ట్ పూర్తి కాలేదు, సెట్ల మీద మాత్రం లక్షల డాలర్లు ఖర్చయిపోయాయి. కెమెరామన్ జోర్డన్ క్రోనెన్‌వెత్ అనారోగ్యంతో రెండు వారాలకే తప్పుకోవాల్సి వచ్చింది. హీరోయిన్ సిగోర్నీ వీవర్ పాత్ర కోసం గుండు చేయించుకుంది. నెలల తర్వాత కొన్ని ముక్కలు మళ్ళీ తీయడానికి ప్యాచ్ వర్క్ పెట్టేసరికి జుట్టు పెరిగింది, నెత్తికి తొడుగు వేసి తీశారు. ఫించర్ ఆ సినిమాను తనదని చెప్పుకోలేదు. 2003లో స్టూడియో దాన్ని మరో రకంగా ఎడిట్ చేయించినప్పుడు కూడా అందులో పాల్గొనలేదు. అయితే అల్లుడూ, మూడేళ్లకే అదే మనిషి పెద్ద హిట్టయిన ‘సెవెన్’ తీశాడు. ‘నా పని అయిపోయింది మామయ్యా’ అని నువ్వు అన్నావు చూడు, ఆ మాట ఇంకెప్పుడూ అనకు.

మన దగ్గర ‘ఆదిత్య 369’ గుర్తు చేసుకో. పి.సి. శ్రీరామ్ గారు మధ్యలో అనారోగ్యం పాలైతే వి.ఎస్.ఆర్. స్వామి గారు, కబీర్‌లాల్ గారు కూడా కెమెరా పట్టారు. ముగ్గురు కెమెరామన్లు పనిచేశారంటే సినిమా అతుకుల బొంతలా ఉండాలి. ఉందా? కథ వర్తమానంలో మొదలై 1526కి వెళ్తుంది, అక్కడి నుంచి 2504కి వెళ్తుంది. ఏ కాలం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో దర్శకుడు సింగీతం గారి కథలో తేటగా ఉంది. అంత గట్టి కథ ఉంటే మనిషి మారినా పని నిలబడుతుందని నా నమ్మకం.

ఈ మూడు వారాల్లో నువ్వు, రచయిత, ఎడిటర్ ఒక గదిలో కూర్చోండి. నాలుగో మనిషి వద్దు, నిర్మాత బావమరిది అస్సలు వద్దు. ఇప్పటిదాకా తీసింది వరసలో పెట్టి, తీయనిచోట తెర మీద ఒక నల్ల పలక పెట్టి దాని మీద ఆ సీన్ ఏమిటో ఒక్క వాక్యం రాసి, మొత్తం ఒకసారి చూడండి. పలక మీద ఏం రాయాలో తోచని చోటే మీ కథలో గుంత ఉంది. ఆ గుంతలు పూడిన తర్వాతే మళ్ళీ కాల్‌షీట్లు అడుగు.

ఇక సీజీ. పాత కంపెనీ నుంచి పూర్తయిన షాట్లు మాత్రమే తెచ్చుకుని ఊరుకోకు. వాళ్లు కట్టిన అంతరిక్ష కేంద్రం త్రీడీ మోడల్, టెక్స్చర్లు (దాని పైపూతలు), ట్రాకింగ్ (కెమెరా కదలిక లెక్కలు), రోటో (మనుషుల్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా కత్తిరించిన పని), ప్రాజెక్ట్ ఫైళ్లు అన్నీ అడుగు. అగ్రిమెంట్‌లో అవి నిర్మాతవని ఉందో లేదో ఈ రాత్రే చూడు. లేకపోతే గొడవపడకుండా, మిగిలిన బాకీలో కొంత ఇచ్చి తెచ్చుకో. అవి లేకుండా కొత్త కంపెనీకి వెళ్తే మొదటి ఇటుక నుంచి మళ్ళీ కట్టాలి. కొత్తవాళ్లకు నెలకింత అని ఇవ్వకు, ఓకే అయిన షాట్ల లెక్కన ఇవ్వు. హెల్మెట్ షాట్లు దగ్గర పెట్టుకుని చూడు. అద్దం ఉంటే యూనిట్ అంతా అందులో కనిపిస్తోందని తీసేసి షూట్ చేశారు. ఇప్పుడు ప్రతి షాట్‌లోనూ అద్దాన్ని కంప్యూటర్‌లో పెట్టాలి. ఎన్ని షాట్లకు అది నిజంగా కావాలి? ఆ పిల్ల హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని మాట్లాడితే డబ్బూ మిగులుతుంది, మొహమూ కనిపిస్తుంది. ఇకనుంచి ప్రతి సెటప్‌లో లెన్స్, కెమెరా ఎత్తు, లైట్ ఎటునుంచి వస్తోందో ఒక కుర్రాడు రాసుకోవాలి. ఆ కుర్రాడికి వేరే పని ఏదీ చెప్పకు.

స్పేస్ సూట్ల సంగతి కూడా. మొదటి భాగం సూట్లు గోడౌన్‌లో పడేశారని విన్నాను. ఫోమ్ రబ్బరు వేడికి పొడిపొడిగా రాలిపోతుంది. రేపే ఎవరినైనా పంపి తెరిచి చూపించు. ఫ్లోర్ అద్దె మిగుల్చుకోవడానికి సెట్ విప్పే ముందు ప్రతి గోడనూ ఫొటో తీయించు, రంగు డబ్బా నంబర్ రాయించు.

పులికాట్ నీ డేట్ల కోసం ఆగదు. ఫ్లెమింగోలు చలికాలంలోనే ఉంటాయి. వేసవి ముదిరితే మన ఆంధ్ర వైపు చాలా మేర నీళ్లు ఇంకిపోయి నేల బయటపడుతుంది. మొదటి భాగంలో నీళ్లున్న చోట ఇప్పుడు దుమ్ము కనిపిస్తే కథలో దానికి కారణం ఉండాలి, లేదా చలికాలం దాకా ఆగాలి. అది పక్షుల అభయారణ్యం కూడా, అటవీ శాఖ అనుమతికి ముందే అర్జీ పెట్టించు. రాత్రి షూటింగ్ లైట్ల గురించి దాచకుండా రాయండి.

అన్నిటికంటే బరువైన మాట చివరికి మిగిలింది. తొంభైల్లో నేను పనిచేసిన ఒక జానపద సినిమా ఇలాగే ఆగింది. డబ్బు రాదని నాకు తెలుసు. అయినా లైట్‌మెన్‌కి పంతొమ్మిది రోజులు ‘రేపు బేటా (రోజువారీ ఖర్చు డబ్బు) ఇస్తాం’ అని చెప్పాను. ఒకతను ఇంటికి మనియార్డర్ పంపలేక నా గది ముందు నిలబడ్డాడు. అప్పుడు కూడా రేపే అన్నాను. షూటింగ్ మళ్ళీ మొదలయ్యేసరికి సగం మంది వేరే సినిమాలకు వెళ్ళిపోయారు. కొత్తవాళ్లు వేసిన లైటింగ్ పాతదానితో కలవలేదు, సినిమా చూస్తే ఎక్కడ ఆగిందో ఇప్పటికీ నాకు తెలుస్తుంది. అతని మొహం అంతకంటే బాగా గుర్తుంది. నువ్వు అలా చెయ్యకు. రేపు ఉదయం యూనిట్ అందరినీ పిలిచి ఆగింది, ఇన్నాళ్లు ఆగుతుంది, పాత బాకీ ఫలానా తేదీన ఇస్తాం అని నువ్వే చెప్పు. మేనేజర్ చేత చెప్పించకు. వేరే పని దొరికితే వెళ్ళమను. నిజం చెప్పిన మనిషి దగ్గరికి వాళ్లు తిరిగొస్తారు.

నిర్మాత ఫోన్ ఎత్తకపోతే ఇంటికి వెళ్ళు. కోపంతో కాదు, ఆయనా భయంలోనే ఉండుంటాడు. ఇద్దరూ కలిసి ఫైనాన్షియర్ దగ్గర కూర్చోండి. నూటికి రెండు రూపాయల వడ్డీ నెలనెలా పెరుగుతోంది. రిలీజ్ ముందు రాత్రి బాకీ తీరిందని ఆ ఫైనాన్షియర్ క్లియరెన్స్ ఇవ్వకపోతే ఉదయం ఆట పడదు. అప్పుడు బతిమాలే బదులు ఇప్పుడే ఎన్ని నెలలు ఆలస్యమో చెప్పండి. సినిమా కొనుక్కున్న బయ్యర్లకు కూడా. ‘రోబో’కు రెండో భాగం ‘2.0’ని 2017 దీపావళికి అనుకున్నారు, గ్రాఫిక్స్ పూర్తికాక 2018 నవంబర్ 29న వచ్చింది. తేదీ మారిందని జనం ఇంట్లో కూర్చోలేదు.

శుక్రవారం ఉదయం బండికి వస్తున్నాను. స్టేషన్‌కి కారు పంపకు, ఆటోలో వస్తాను. ఆ స్క్రిప్ట్ పేజీలన్నీ ప్రింట్ తీసి ఉంచు, నాకు స్క్రీన్ మీద చదవడం కష్టం. అత్తయ్య నీకిష్టమైన సున్నుండలు చేస్తోంది. అక్కకు ఫోన్ చెయ్యి, రెండు రోజులుగా తను అన్నం సరిగ్గా తినడం లేదు.

మీ మామయ్య